పర్లాకిమిడి వైపు అంగన్‌వాడీలో తెలుగు పిల్లలకు తెలుగులో చెప్పించడం ఎలా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. పాపకు 4 ఏళ్ల 2 నెలలు. ఊళ్లో బడికి వెళ్లేముందు ప్రభుత్వం తరఫున చదువంటే అంగన్‌వాడీ ఒక్కటే. 22 మంది పిల్లల్లో 9 మంది ఇళ్లల్లో తెలుగు, 8 మంది ఇళ్లల్లో సవర అనే గిరిజన భాష, మిగతావాళ్లది ఒడియా. పాటలు, కథలు, బొమ్మల కార్డులు అన్నీ ఒడియాలోనే.

పాప వెళ్లి 10 వారాలైంది. ఆటల్లో బాగానే కలుస్తుంది. కథ మొదలైతే మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంటుంది. మంచినీళ్లు కావాలన్నా అడగదు. చెవి పరీక్ష చేయించాం, ఏ లోపమూ లేదు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది.

చేసినవి: పాణి, భాత, ఆస, బస లాంటి 20 ఒడియా మాటలు ఇంట్లో నేర్పాం. అడిగితే అర్థం చెబుతుంది, అక్కడ మాత్రం నోరు విప్పదు. కార్యకర్తకు తెలుగు వచ్చు, చాలా మంచావిడ, కానీ పై నుంచి కాగితం లేనిదే తెలుగులో చెప్పలేనంటున్నారు. సూపర్‌వైజర్‌కు, తర్వాత సిడిపిఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) ఆఫీసుకు అర్జీ ఇచ్చాం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు గురించి చెప్పే రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశకే, అంగన్‌వాడీకి కాదని నోటిమాటగా చెప్పి పంపేశారు. గిరిజన భాషల పిల్లలకు అంగన్‌వాడీలో వాళ్ల భాషలోనే చెప్పే నువా అరుణిమ అనే కార్యక్రమం ఉంది, తెలుగుకు అలాంటిది మాకు దొరకలేదు.

సరిహద్దు దాటించి ఆంధ్రలోని పాతపట్నం వైపు చేర్చమని కొందరి సలహా. అది మాకు ఇష్టం లేదు. సవర, ఒడియా పిల్లలతో కలిసి పెరగడం పాపకు మంచిదే.

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో మీ అంగన్‌వాడీలో ఒడియాతో పాటు తెలుగులో కూడా చెప్పేలా రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నవారుంటే, ఆ అర్జీ ఏ అధికారికి ఇచ్చారు?