గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే చెట్లకు చట్టరక్షణ ఎంతవరకు ఉంది?

ప్రశ్న (గుంటూరు దగ్గరి గ్రామవాసి)

మా ఊరి చెరువు మధ్యలో, మొదళ్లు నీటిలో ఉండే సర్కారు తుమ్మలమీద, మూడేళ్లుగా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటున్నాయి. ఇవే పక్షులకు పేరుపడ్డ ఉప్పలపాడు చెరువులను చూసినవారికి ఈ దృశ్యం కొత్తకాదు గానీ, మా ఊళ్లో ఇంతకుముందు ఎవరూ ఎరగరు. గట్టుమీద నిలబడితే చాలు, గూడబాతు పిల్ల తన తలను మెడతో సహా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చి చేపను అందుకోవడం బైనాక్యులర్ లేకుండానే కనిపిస్తుంది.

ఫిబ్రవరిలో చెరువు పూడిక తీయించాలని, ఆ పనిలోనే ఈ చెట్లను కూడా కొట్టించాలని పంచాయతీలో అనుకుంటున్నారు. అది ఎందుకూ పనికిరాని కంప అని, రెట్టవల్ల నీరు కంపు కొడుతోందని, చేపల పాట పాడుకున్నవారు నష్టపోతున్నారని వారు చెప్పే కారణాలు. ఈలోగా పక్షులు చెదిరిపోవాలని కొందరు పొద్దున్నే టపాసులు కాలుస్తున్నారు. ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించని చోట వన్యప్రాణి చట్టం వర్తించదని ఒక పెద్దాయన నాతో అన్నారు. అది నిజమేనా?

సమాధానం (విజయవాడ న్యాయవాది)

ఆ మాట సరికాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షిని అది ఎక్కడ ఉన్నా కాపాడుతుంది. తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధిస్తే, రెండో సెక్షన్‌లోని పదహారో క్లాజు వేట అంటే ఏమిటో చెబుతుంది. ఆ నిర్వచనంలో చంపడం, పట్టడమే కాకుండా తరమడం, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూళ్లను గానీ కదిలించడం కూడా ఉన్నాయి. కాబట్టి గూళ్లలో గుడ్లో పిల్లలో ఉండగా చెట్టు నరికితే అది కంప కొట్టడం కాదు, చట్టం దృష్టిలో వేట. టపాసులతో తరమడం కూడా ఆ నిర్వచనం కిందికే వస్తుందని నా అభిప్రాయం.

అయితే మీరు జాగ్రత్తగా గమనించవలసిన లోటు ఒకటి ఉంది. ఈ రక్షణ పక్షికి, గుడ్డుకు, గూటికి; చెట్టుకు కాదు. పక్షులు వెళ్లిపోయాక ఖాళీగా నిలిచిన తుమ్మను నరికితే ఈ సెక్షన్ కింద కేసు నిలబెట్టడం కష్టం. కొల్లేరులో 1999లో అభయారణ్యం ప్రకటన వచ్చింది కనుక అక్కడ ఆవాసానికే రక్షణ ఉంది, మీ చెరువుకు అది లేదు. 2017 నాటి చిత్తడి నేలల నియమాలమీద కూడా ఆశ పెట్టుకోకండి. తాగునీటికోసమో, సాగునీటికోసమో ప్రత్యేకంగా తవ్విన చెరువులను ఆ నిర్వచనం నుంచే తప్పించారు.

వెంటనే చేయవలసింది జిల్లా అటవీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీ కనిపించే ఫొటోలు జతచేసి, రసీదు తీసుకోవడం. గూళ్లలో పిల్లలున్నాయని పంచనామాలో నమోదైతే ఫిబ్రవరి పని దానంతట అదే వాయిదా పడే అవకాశం ఉంది.

సమాధానం (పక్షుల పరిశీలకుడు, గుంటూరు)

న్యాయవాది గారు చెప్పిన లోటును పూడ్చే దారి అదే చట్టంలో ఉంది. 36సి సెక్షన్ ప్రకారం ఊరివారు స్వచ్ఛందంగా ముందుకు వస్తే, ఉమ్మడి భూమినిగానీ సొంత భూమినిగానీ రాష్ట్ర ప్రభుత్వం సామాజిక రిజర్వుగా ప్రకటించవచ్చు. ప్రకటించాక నిర్వహణ కమిటీ తీర్మానం, దానికి ప్రభుత్వ ఆమోదం లేకుండా అక్కడ భూవినియోగాన్ని మార్చడానికి వీల్లేదు. అంటే పక్షులు లేని నెలల్లో కూడా చెట్టుకు రక్షణ ఉంటుంది. కమిటీలో పంచాయతీ నియమించే ప్రతినిధులు, అటవీ శాఖ తరఫున ఒకరు ఉంటారు కాబట్టి చెరువు ఊరి చేయి దాటిపోతుందన్న భయం అక్కర్లేదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో ఇవే రెండు జాతులు ఇళ్ల మధ్య చెట్లమీద గూళ్లు కడతాయి. దాన్ని 2007లో ఇలాగే ప్రకటించారు.

చట్టంకంటే ముందు నీటి సంగతి చూడండి. గుడ్డు పొదగడానికి దాదాపు నెల, పిల్ల ఎగరడానికి మరో మూడు నాలుగు నెలలు పడుతుంది. అంతవరకూ చెట్ల కింద నీరు నిలిచి ఉండాలి. చెట్టును తాకకుండా చెరువు మాత్రం ఎండగట్టినా కుక్కలు నడిచి వెళ్లి కింద పడిన పిల్లలను తినేస్తాయి. జనం అలికిడికి తల్లి లేచిపోతే కాకులు క్షణాల్లో గుడ్లు ఎత్తుకుపోతాయి. పూడిక తీయడాన్ని నేను వ్యతిరేకించను, చెరువు లోతుగా ఉండటం పక్షులకూ మంచిదే. పిల్లలన్నీ ఎగిరిపోయాక, వానలకు ముందు, చెట్లున్న దిబ్బను వదిలి తీయమనండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫిర్యాదు రేపే ఇస్తాను. పూడిక పని మే చివరికి మార్చడానికి సర్పంచి గారు ఒప్పుకునేలా ఉన్నారు, కానీ పాటదారు నష్టం మాట వచ్చినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

సమాధానం (విజయవాడ న్యాయవాది)

పాట సొమ్ములో ఈ ఏడాదికి కొంత తగ్గింపు ఇస్తూ పంచాయతీ తీర్మానం చేయవచ్చేమో అడగండి. వచ్చే పాట షరతుల్లో టపాసులు కాల్చకూడదని, దిబ్బ చుట్టూ వల వేయకూడదని ముందే రాయించండి. 36సి కోసం గ్రామసభ తీర్మానం ముసాయిదా కావాలంటే నేను రాసి పెడతాను.