ఎల్1 ఫ్లైట్‌కి డిలే 6 పెట్టాలా 8 పెట్టాలా? పారాచూట్ సైజు కూడా చెప్పండి

వంశీ_వర్జీనియా:

అందరికీ నమస్తే అండి. మా వాడు స్కూల్లో అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్ టీంలో ఉన్నాడు, గుడ్డు పగలకుండా పైకి పంపించి కిందికి దించే పోటీ, ఫైనల్స్ కూడా మాకు దగ్గర్లోనే, ద ప్లెయిన్స్ ఊళ్ళో గ్రేట్ మెడోలో జరుగుతాయి. వాడి వెంట తిరిగి తిరిగి నాకూ ఈ పిచ్చి పట్టుకుంది, ఎన్ఏఆర్ (నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ) మెంబర్‌షిప్ తీసుకుని లెవెల్ 1కి, అంటే హై పవర్ రాకెట్లు ఎగరేయడానికి మొదటి సర్టిఫికేషన్‌కి (ఎల్1), రాకెట్ కట్టేశా. 4 అంగుళాల కార్డ్‌బోర్డ్ ట్యూబ్, ప్లైవుడ్ ఫిన్స్, మోటార్ ఏరోటెక్ హెచ్135డబ్ల్యూ-14ఏ, సింగిల్ యూజ్. మోటార్‌తో కలిపి బరువు 1.6 కిలోలు. ఓపెన్‌రాకెట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే 1400 అడుగులు పోతుందని, ఆప్టిమమ్ డిలే (మోటార్ మండటం ఆగాక పారాచూట్‌ని బయటికి తోసే ఎజెక్షన్ ఛార్జ్ పేలే దాకా టైం) 7.2 సెకన్లని చూపిస్తోంది. డ్రిల్లింగ్ టూల్‌తో 2, 4, 6, 8 సెకన్లే తీయగలం కదా, అంటే మోటార్ పేరులో ఉన్న 14 సెకన్ల డిలేలోంచి 6 తీస్తే 8 మిగుల్తుంది, 8 తీస్తే 6 మిగుల్తుంది, 7 అనేది రాదు. ఏది పెట్టాలి?

ఇంకో రెండు మూడు డౌట్లు. కిట్‌తో వచ్చిన పారాచూట్ 36 అంగుళాలు, సరిపోతుందా? ఎల్1లో ఐ క్లాస్ కూడా అలౌడ్ కదా, హెచ్ బదులు దానికన్నా పెద్దదైన ఐ పెట్టి ఇంకా పైకి పంపితే ఎలా ఉంటుంది? మా వాడికి 15 ఏళ్ళు, వాడు కూడా హై పవర్ ఎగరేయొచ్చా?

శ్రీను_ఎల్3:

వంశీ గారూ, ముందు ఐ మోటార్ ఆలోచన పక్కన పెట్టేయండి. ఎల్1లో ఎంత ఎత్తుకెళ్ళిందని ఎవరూ అడగరు. పైకి తిన్నగా వెళ్ళిందా, పారాచూట్ తెరుచుకుందా, మీరు నడిచి వెళ్ళి తెచ్చిన రాకెట్‌లో ఇంకో మోటార్ పెట్టి అప్పటికప్పుడు మళ్ళీ ఎగరేసేలా ఉందా, ఇంతే చూస్తారు. ఫిన్ విరిగితే ఫెయిల్, ట్యూబ్ చీరుకుపోతే ఫెయిల్, ఎజెక్షన్ దెబ్బకి ఖాళీ మోటార్ కేసింగ్ వెనక నుంచి ఊడి పడిపోయినా ఫెయిలే, కాబట్టి స్క్రూ టైప్ రిటైనర్ పెట్టుకోండి, టేపు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఐ పెడితే మీ రాకెట్ 2000 అడుగులు దాటిపోతుంది, ఆ ఎత్తు నుంచి పారాచూట్ మీద తేలుతూ ఎవరి పొలంలో పడుతుందో తెలీదు. మోటార్ పేరులో 135 అంటే సగటున 135 న్యూటన్ల తోపు. మీ రాకెట్ బరువు 16 న్యూటన్ల లోపే, అంటే ఎనిమిది రెట్ల పైన వస్తోంది. ఐదు రెట్లుంటే చాలంటారు, మీకు ధారాళంగా ఉంది.

డిలే విషయం. ముందు ఇది అర్థం చేసుకోండి, ఆ 14 ని ముట్టుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో. మోటార్ మండటం ఆగిపోయాక మీ రాకెట్ ఇంకో ఏడు సెకన్లు దాని వేగంతో అదే పైకి పోతుంది, పైన ఆగుతుంది, ముక్కు కిందికి తిప్పుకుంటుంది, అక్కణ్ణుంచి ఇంకో ఏడు సెకన్లు కిందికి దూసుకొస్తూనే ఉంటుంది, అప్పుడు ఛార్జ్ పేలుతుంది. ఆ వేగంలో పారాచూట్ బయటికొస్తే షాక్ కార్డ్ (ముక్కునీ బాడీనీ కలిపే తాడు) ట్యూబ్ అంచుని కత్తిలా కోసుకుంటూ పోతుంది, జిప్పర్ అనేది దాన్నే. పారాచూట్ తాళ్ళు తెగినా ఆశ్చర్యం లేదు. డ్రిల్ చేయని 14 వల్ల పోయిన రాకెట్లు ప్రతి సీజన్‌లో కనపడుతూనే ఉంటాయి, అన్నిటికన్నా బాధ అనిపించేది అదే నాకు, ఎందుకంటే కట్టినవాళ్ళు మిగతాదంతా చాలా శ్రద్ధగా చేసుంటారు.

6, 8 లో ఏదంటే, లెక్క ప్రకారం 7.2కి 8 దగ్గర. కానీ ఆ 7.2 అనేది గాలి లేని రోజు, మీరు టైప్ చేసిన బరువుకి, మీరు ఎంచుకున్న పెయింట్ ఫినిష్‌కి వచ్చిన నంబర్. పెయింటూ ఎపాక్సీ ఆరాక, పారాచూట్ మడిచి లోపల పెట్టాక, మోటార్‌తో సహా వంటింటి త్రాసు మీద పెట్టి తూచి, సీజీ (బరువు కేంద్రం) ఎక్కడుందో చేతి మీద బ్యాలెన్స్ చేసి కొలిచి, ఆ రెండూ సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌రైడ్ చేసి మళ్ళీ రన్ చేయండి. గాలి 10 మైళ్ళు దాటితే రాకెట్ గాలికి ఎదురు వాలుతుంది, నిలువుగా పోయే వేగం తగ్గుతుంది, అపోజీ (రాకెట్ చేరే అన్నిటికన్నా పై ఎత్తు) తొందరగా వచ్చేస్తుంది. అందుకే నా పద్ధతి ఏంటంటే ఇంట్లో డ్రిల్ చేయను, ఫీల్డ్‌కి వెళ్ళాక గాలి చూసి చేస్తా. గాలి లేకపోతే 8, ఉంటే 6. తీసింది మళ్ళీ పెట్టలేం, అది గుర్తుంచుకోండి. టూల్‌ని చేత్తోనే తిప్పండి, పవర్ డ్రిల్ వద్దు.

మీ వాడి సంగతి అడిగారు కదా, 18 నిండితేనే అసలు సర్టిఫికేషన్. కానీ ఎన్ఏఆర్‌లో 14 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి జూనియర్ లెవెల్ 1 ఉంది, ట్రిపోలీ అనే ఇంకో రాకెట్రీ సంఘంలో 12 ఏళ్ళ నుంచి మెంటారింగ్ ప్రోగ్రామ్ ఉంది. రెండిట్లోనూ మోటార్ మాత్రం సర్టిఫైడ్ పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండాలి. మీరు ముందు పాస్ అయితే మీ అబ్బాయికి మీరే తోడుండొచ్చు.

గుంటూరు_టు_టెక్సాస్:

శ్రీను అన్న చెప్పిందాంట్లో ఒక్క దాని మీద నా అభిప్రాయం వేరు. నేనైతే గాలితో పని లేకుండా 6 పెడతా. డిలే గ్రెయిన్ మండే టైంలో 20 శాతం తేడా రావడం మామూలే, 8 అనుకున్నది తొమ్మిదిన్నర అవ్వొచ్చు, అప్పటికి ముక్కు కిందికుండి స్పీడ్ అందుకుంటుంది. 6 అనుకున్నది తొందరగా పేలినా రాకెట్ ఇంకా పైకి పోతూ స్లో అవుతుంటుంది. రెండు వైపులా వేగం ఒకటేగా అంటారు, నిజమే, లెక్కలో ఒకటే, కానీ నేను చూసిన రాకెట్లన్నీ సిమ్యులేషన్ చెప్పిన ఎత్తు కన్నా తక్కువే వెళ్ళాయి, ఎక్కువెళ్ళింది చాలా అరుదు. రైల్ బటన్లు, రంగు గరుకుదనం, ఫిన్ అంచులు గుండ్రంగా రుద్దకపోవడం ఇవన్నీ డ్రాగ్ పెంచుతాయి, డ్రాగ్ పెరిగితే అపోజీ ముందే వచ్చేస్తుంది.

పారాచూట్ కి వస్తే, మోటార్ ఖాళీ అయ్యాక మీ రాకెట్ కిలోన్నర అనుకుందాం. 36 అంగుళాల గొడుగు మీద అది సెకనుకి 7 మీటర్ల దాకా వేగంతో దిగుతుంది. దున్నిన మెత్తటి పొలంలో ఏం కాదు, కానీ మా వైపు ఎండాకాలం నల్లమట్టి బిర్రుగా ఎండిపోతుంది, అలాంటి నేల మీద ముందు ఫిన్ మూల తగుల్తుంది, అక్కడితో సర్టిఫికేషన్ పోయినట్టే. 45, 48 అంగుళాలది పెడితే ఐదున్నర మీటర్లకి వస్తుంది. కాకపోతే 1400 అడుగుల నుంచి ఐదున్నర మీటర్ల వేగంతో దిగడానికి దాదాపు 77 సెకన్లు పడుతుంది, 10 మైళ్ళ గాలిలో అది మిమ్మల్ని 350 మీటర్లు నడిపిస్తుంది. నడవండి, ఫిన్ మిగుల్తుంది. జాలీ లాజిక్ చూట్ రిలీజ్ అని ఒకటి దొరుకుతుంది, పారాచూట్‌కి రబ్బర్ బ్యాండ్‌తో కడితే సెట్ చేసిన ఎత్తుకొచ్చాకే విప్పుతుంది, మంచి వస్తువే, కానీ మొదటి ఫ్లైట్‌కి ఫెయిలయ్యే పార్ట్ ఇంకోటి తగిలించుకోవడం ఎందుకు.

ముక్కు ఫిట్ చూసుకోండి. రాకెట్‌ని నోస్ కోన్ పట్టుకుని పైకెత్తితే బాడీ జారి పడకూడదు, కొంచెం ఊపితే ఊడి రావాలి. లూజుగా ఉంటే మాస్కింగ్ టేపు ఒక చుట్టు, బిగుతుగా ఉంటే గరుకు కాగితం. ఇది ఇంట్లో చూస్తే సరిపోదు, తేమకి కార్డ్‌బోర్డ్ ఉబ్బుతుంది, పొద్దున్నే మంచులో కారు దింపినప్పుడొకసారి, ప్యాడ్‌కి తీసుకెళ్ళే ముందొకసారి చూడాలి. ట్యూబ్‌కి పారాచూట్ ఉండే చోట చిన్న బెజ్జం పెట్టారా? లేకపోతే పైకి పోయేకొద్దీ బయట ప్రెషర్ తగ్గి లోపలి గాలి ముక్కుని ముందే తోసేస్తుంది.

వంశీ_వర్జీనియా:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. బెజ్జం పెట్టలేదు, ఈ రోజే పెడతా. 48 అంగుళాల పారాచూట్ ఆర్డర్ చేశా. మళ్ళీ తూచి రన్ చేస్తే 1.68 కిలోలు, సీజీ సీపీకి (గాలి ఒత్తిడి కేంద్రానికి) 1.4 క్యాలిబర్ల (ట్యూబ్ వెడల్పుల) ముందుంది. మోటార్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే హజ్‌మ్యాట్ ఛార్జ్ (ప్రమాదకర వస్తువుల రవాణాకి వేసేది) మోటార్ రేటులో సగం ఉంటోంది, ఫీల్డ్‌లో వెండర్ దగ్గర కొంటే అది ఉండదంటున్నారు, అలాగే చేస్తా. లాంచ్‌కి ప్రైస్ దగ్గర మేరీల్యాండ్ క్లబ్ వాళ్ళ హిగ్స్ ఫార్మ్‌కి వెళ్దామని. బే బ్రిడ్జి దాటి వెళ్ళాలి, పొద్దున్నే బయల్దేరతా.

శ్రీను_ఎల్3:

1.4 బాగుంది. 1కి తగ్గకూడదు, 2 దాటి బాగా పోతే గాలికి మరీ వాలిపోతుంది. హిగ్స్ ఫార్మ్ మంచి చోటు, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) వేవర్, అంటే ఎగరేసే పర్మిషన్, క్లబ్బే తీసుకుంటుంది, మీరు విడిగా అడగక్కర్లేదు. మీ రాకెట్ 1500 గ్రాములు దాటింది కాబట్టి అది ఎఫ్ఏఏ లెక్కలో క్లాస్ 2, పక్క పార్కులో ఎగరేస్తానంటే కుదరదు. వెళ్ళే ముందు పంట ఏ దశలో ఉందో క్లబ్ వాళ్ళని అడగండి. ఈస్టర్న్ షోర్‌లో మొక్కజొన్న మనిషెత్తు దాటిందంటే అందులో పడ్డ రాకెట్ పది అడుగుల దూరం నుంచి కూడా కనపడదు, చిన్న బజ్జర్ ఒకటి షాక్ కార్డ్‌కి కట్టుకోండి.

కుమార్_ఓహయో:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను హెచ్1బీ మీద ఉన్నా. రాకెట్ మోటార్లు ఎక్స్‌ప్లోజివ్స్ కిందికి వస్తాయని, గ్రీన్ కార్డ్ లేనివాళ్ళు ముట్టుకుంటే ఇమ్మిగ్రేషన్‌లో ఇబ్బందని ఆఫీసులో ఒకతను భయపెట్టాడు. నిజమేనా?

శ్రీను_ఎల్3:

కుమార్ గారూ, ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఏటీఎఫ్ (తుపాకులూ పేలుడు పదార్థాలూ చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ళు ఈ మోటార్లలో వాడే ఏపీసీపీ ప్రొపెల్లెంట్‌ని ఎక్స్‌ప్లోజివ్స్ లిస్టులో పెట్టారు, 2002 చట్టం తర్వాత నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఎక్స్‌ప్లోజివ్స్ నిషేధం. దాని మీద ఎన్ఏఆర్, ట్రిపోలీ కలిసి 2000లోనే కోర్టుకెళ్ళాయి, తొమ్మిదేళ్ళు కొట్లాడాయి. ఏపీసీపీ పేలదు, మండుతుంది అంతే అని వాదించాయి, 2009 మార్చిలో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు ఏటీఎఫ్ నిర్ణయాన్ని కొట్టేసింది. అప్పట్నుంచి ఏపీసీపీ ఆ లిస్టులో లేదు. మనలాంటి వీసా మీద వచ్చినవాళ్ళు ఇవాళ ధైర్యంగా ఎల్1 చేస్తున్నామంటే ఆ తొమ్మిదేళ్ళు సొంత డబ్బులు చందాలేసుకుని కేసు నడిపిన ఆ మెంబర్లకి రుణపడి ఉండాలి, ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నా. నేను ఎల్1, ఎల్2 రెండూ గ్రీన్ కార్డ్ రాకముందే చేశా, వెండర్ అడిగింది మెంబర్‌షిప్ కార్డూ సర్టిఫికేషన్ లెవెలే. ఒకటి మాత్రం, మోటార్‌ని విమానంలో బ్యాగేజీలో పెట్టొద్దు, చెక్-ఇన్ అయినా క్యాబిన్ అయినా నిషేధమే.

సాయి_ఉప్పల్:

అన్నా నేను హైదరాబాద్ నుంచి, బీటెక్ సెకండియర్. 2022ల స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి పోయినప్పటి నుంచి మా బ్యాచ్ మొత్తానికి ఇదే ధ్యాస. ఇక్కడ హెచ్ మోటార్ కొనొచ్చా? యూట్యూబ్ చూసి ఇంట్లనే ప్రొపెల్లెంట్ చేద్దామంటున్నడు మా ఫ్రెండ్.

గుంటూరు_టు_టెక్సాస్:

తమ్ముడూ, మీ ఫ్రెండ్‌ని ఆపు, ఈ రోజే ఆపు. ఇంట్లో కలిపేటప్పుడు నిప్పంటుకుంటే చేతులూ కళ్ళూ పోతాయి, చట్టం సంగతి తర్వాత. ఇండియాలో 1884 ఎక్స్‌ప్లోజివ్స్ యాక్టు, 2008 రూల్స్ ఉన్నాయి, లైసెన్సులు చూసేది పెసో, దాని హెడ్డాఫీసు నాగపూర్. ఇక్కడిలాగా కార్డు చూపించి కౌంటర్లో మోటార్ కొనుక్కునే పద్ధతి అక్కడ లేదు. మీలాంటి స్టూడెంట్స్‌కి సరైన దారి ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ మోడల్ రాకెట్రీ, క్యాన్‌శాట్ (డబ్బా సైజు నమూనా ఉపగ్రహం) పోటీ. 2025 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్ కుశీనగర్ జిల్లాలో దేశం నలుమూలల నుంచి కాలేజీ టీములు వెళ్ళి పర్మిషన్లతో, సేఫ్టీ వాళ్ళ ఎదురుగా ఎగరేశాయి. కాలేజీ తరఫున ఒక ఫ్యాకల్టీని ఒప్పించి టీం కట్టండి. ఈలోపు ఓపెన్‌రాకెట్ ఫ్రీ, ఈ రోజే డౌన్‌లోడ్ చేసుకో, వంశీ గారి కొలతలు పైన ఉన్నాయి, అవే పెట్టి నీ లెక్కలో అపోజీ ఎన్ని సెకన్లకి వస్తోందో చూడు. సీజీ సీపీ సంగతి వాటర్ రాకెట్‌తో కూడా నేర్చుకోవచ్చు, అదీ ఫిన్స్ లేకపోతే పల్టీలు కొడుతుంది. రికవరీ, పారాచూట్ మడత, ఆల్టిమీటర్ కోడ్, వీటికి మోటార్ అక్కర్లేదు, టెర్రస్ చాలు.

సాయి_ఉప్పల్:

సరే అన్నా, వానికి చెప్తా. ఓపెన్‌రాకెట్ ఇన్‌స్టాల్ చేసిన, 4 అంగుళాలు 1.68 కిలోలు పెడితే నాకు 6.9 సెకన్లు వస్తుంది.

శ్రీను_ఎల్3:

చూశారా వంశీ గారూ, బరువు కాస్త పెరిగేసరికి 7 లోపుకి వచ్చేసింది. ఇంక మీ గుంటూరు అన్న మాటే వినండి, 6 పెట్టేయండి. ఫీల్డ్‌లో ఆర్ఎస్ఓ (రేంజ్ సేఫ్టీ ఆఫీసర్) టేబుల్ దగ్గర నోస్ లాగి చూస్తారు, ఫిన్స్ వంచి చూస్తారు, డిలే ఎంత తీశారని అడుగుతారు, ఫ్లైట్ కార్డు మీద ముందే రాసుకుని వెళ్ళండి. ఇగ్నైటర్ మాత్రం రాకెట్‌ని రైల్ మీదకెక్కించి నిలబెట్టాకే లోపలికి తోయండి. అంతకు ముందు ప్యాడ్ క్లిప్పులు రెండూ ఒకదానికొకటి తాకించి చూడండి, నిప్పురవ్వ వస్తే లైన్‌లో కరెంటున్నట్టు, ఇగ్నైటర్ తగిలించకుండా వెనక్కొచ్చి ఎల్‌సీఓకి (లాంచ్ కంట్రోల్ ఆఫీసర్‌కి) చెప్పండి. హెచ్‌కి 100 అడుగుల దూరం.