గడ్డం కుట్లు మానాయి కానీ పాప నోరు పూర్తిగా తెరవట్లేదు, ఎవరికైనా తెలుసా?

చిన్నిఅమ్మ:
మా పాపకి నాలుగున్నరేళ్ళు, పన్నెండు రోజుల కింద మెట్ల మీద బోర్లా పడి గడ్డం చీలితే దగ్గర్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాం, మూడు కుట్లు వేసి పంపేశారు. గాయం మానింది కానీ అప్పట్నుంచి జామకాయ ముక్క కూడా కొరకట్లేదు, పెరుగన్నం చెంచాతో పెడితేనే తింటోంది, ఆవలింత వస్తే ఏడుస్తోంది, నోరు తెరిస్తే గడ్డం కుడి పక్కకి పోతోంది. అదే తగ్గిపోతుందిలే అంటున్నారు అత్తయ్య. ఆపరేషన్ అంటారేమోనని చాలా భయంగా ఉంది.

డెంటల్ పీజీ, కర్నూలు:
అమ్మా, ఆగకుండా రేపే మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి, అంటే దవడలు, ముఖం ఎముకలు చూసే సర్జన్‌కి చూపించండి. గడ్డానికి తగిలిన దెబ్బ పైకి పాకి చెవి ముందుండే దవడ కీలు దగ్గర ఎముక విరగొచ్చు, కాండైల్ అంటాం, కుట్లు వేసే హడావిడిలో అది చాలాసార్లు తప్పిపోతుంది. నోరు తెరిస్తే గడ్డం ఎటు పోతే మామూలుగా దెబ్బ అటే. మామూలు ఎక్స్‌రేలో దొరక్కపోతే సీటీ తీస్తారు. ఈ వయసులో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, ఎదిగే ఎముక కదా, అదే సర్దుకుంటుంది. మెత్తని తిండి, నొప్పికి సిరప్, తర్వాత నోరు తెరిచే ఎక్సర్‌సైజులు. నొప్పని నెలలు నెలలు కదపకుండా వదిలేస్తేనే ప్రమాదం, కీలు అతుక్కుపోతుంది.

బన్నీవాళ్ళనాన్న:
మా వాడికి ఇదే జరిగింది అండీ. నోరు తెరిచే ఎక్సర్‌సైజుకి ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పెట్టి ముందు పళ్ళ మధ్య ఆనించమన్నారు, మొదటిరోజు తొమ్మిదికే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, వారానికొకటి పెంచుకుంటూ పోయాం, రెండు నెలలకి పదిహేడు పట్టాయి. ఏడుస్తున్నాడని మా ఆవిడ మధ్యలో ఆపేద్దామంది, కానీ మా పిన్ని మనవరాలిని చూశాం కదా, పట్టించుకోక ఎనిమిదేళ్ళకి నోట్లో వేలు కూడా దూరని స్థితి, గడ్డం లోపలికి పోయి రాత్రంతా గురక, చివరికి పక్కటెముక ముక్క తీసి కీలు దగ్గర పెట్టారు. అందుకే ఆపలేదు.

చిన్నిఅమ్మ:
సీటీ తీశారు, కుడి కాండైల్ విరిగింది కానీ ఎముక దాని చోటు నుంచి పెద్దగా పక్కకి జరగలేదట, ఆపరేషన్ వద్దన్నారు. ఇవాళ ఎనిమిది పుల్లలు, తనే వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. నోరు మామూలుగా తెరుచుకున్నాక ఇంక హాస్పిటల్‌కి వెళ్ళక్కర్లేదా?

డెంటల్ పీజీ, కర్నూలు:
వెళ్ళాలమ్మా. దవడ ఎదుగుదలకి ఆ కాండైల్ ముఖ్యం కాబట్టి ఎదుగుదల ఆగేదాకా మధ్యమధ్య చూపిస్తూనే ఉండండి. ఏడాదికోసారి ఎదురుగా ఒక ఫోటో తీసి పెట్టుకోండి, గడ్డం పక్కకి జరుగుతుంటే అందులో తెలుస్తుంది.