రీయూనియన్‌లో బీరు స్టాల్, బ్రూవరీ స్పాన్సర్‌షిప్: లైసెన్స్ ఎవరి పేరు మీద తీసుకోవాలి?

కావలి కుర్రోడు:

అన్నలూ అక్కలూ, ఒక చిక్కు వచ్చి పడింది, తెలిసినవాళ్ళు దారి చెప్పండి. కావలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో మేం టెన్త్ చదివి 25 ఏళ్ళయింది. పూర్వ విద్యార్థుల సంఘం ఉంది, సొసైటీగా రిజిస్టర్ చేయించాం, 80జీ (విరాళం ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్ను మినహాయింపు) కూడా తెచ్చుకున్నాం. ఏటా నోటు పుస్తకాలు, ఎప్పుడన్నా రెండు ఫ్యాన్లు, అంతకు మించి పెద్దగా ఏమీ చేయలేదు. ఈసారి మాత్రం ఆడపిల్లల టాయిలెట్లు కట్టించి తీరాలని పట్టుపట్టినాం. ఐదు లక్షల దాకా అవుతుందని మేస్త్రీ లెక్క.

మా బ్యాచ్‌లో ఒకడికి బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో, అంటే చిన్న బీరు తయారీ కేంద్రంలో, భాగం ఉంది. రెండు లక్షలు ఇస్తానన్నాడు. దాంతో పాటు సాయంత్రం ఫంక్షన్‌కి ఆరేడు కెగ్గుల (పీపాల) బీరు వ్యాన్‌లో వేసుకొచ్చి స్టాల్ పెడతాడట, స్టేజీ మీద వాడి బ్రాండ్ బ్యానర్ కట్టాలట. ఇంకొకడు కాలిఫోర్నియాలో ఉంటాడు, వాడేమో అక్కడంతా ఇట్లనే జరుగుతుంది, నాన్‌ప్రాఫిట్ వాళ్ళు ఒక్కరోజు లైసెన్స్ తీసుకుంటారు, బ్రూవరీ వాళ్ళు బీరు ఊరికే ఇస్తారు, టికెట్ల డబ్బులు మంచి పనికి పోతాయి అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంకేముంది, అందరూ చప్పట్ల బొమ్మలు.

ప్లాన్ ఏందంటే, జనవరి 26 పొద్దున స్కూల్లో జెండా, మాస్టర్లకు సన్మానం. సాయంత్రం హైవే పక్కన ఫంక్షన్ హాల్లో విందు. మనిషికి వెయ్యి రూపాయల టికెట్, అందులోనే రెండు గ్లాసుల బీరు, చేపల పులుసుతో భోజనం. వడ్డనకి ఊళ్ళో ఇంటర్ చదివే పిల్లకాయలు వస్తామన్నారు.

సంఘం సెక్రటరీని నేను, ఎక్కడ చూసినా సంతకం నాదే ఉంటుంది, అందుకే ఈ టెన్షన్. లైసెన్స్ సంఘం పేరు మీద తీసుకోవాలా, హాలు ఓనరు పేరు మీదా, వాడి బ్రూవరీ పేరు మీదా? అసలు ఊరికే పోసేదానికి లైసెన్స్ ఎందుకు అని కూడా కొందరు అంటున్నారు.

పాత ఖాకీ:

తమ్ముడూ, నేను ఎక్సైజ్‌లో చేసి రిటైర్ అయినవాణ్ణి. నీ ప్లాన్‌లో వాక్యానికో కేసు ఉంది, నవ్వుకుంటూనే చదివా, ఏమనుకోవద్దు.

ముందు తేదీ మార్చు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఈ మూడూ డ్రై డేలు. ఆ రోజు వైన్ షాపులే మూసి ఉంటాయి, నీకు పర్మిట్ ఎవడిస్తాడు? ఎలక్షన్లు వస్తే పోలింగ్ ముగిసే టైముకి ముందు 48 గంటలు కూడా అంతే, మన జిల్లాలో ఏ ఎన్నికైనా నోటిఫికేషన్ పడిందేమో చూసుకుని తేదీ పెట్టుకోండి.

ఇక ఆ కెగ్గుల సంగతి. మైక్రోబ్రూవరీ అంటే అక్కడ కాచి అక్కడే గ్లాసులో పోసి అమ్ముకోవడానికి ఇచ్చే లైసెన్స్. ఆ బీరుకి పన్ను కట్టింది కర్ణాటకకి, మనకి కాదు. ఏపీలో ఏ బ్రాండ్ మందైనా హోల్‌సేల్‌గా రావాలంటే గవర్నమెంటు బెవరేజెస్ కార్పొరేషన్ డిపో గుండానే రావాలి. మీ వాడు వ్యాన్‌లో ఆరు కెగ్గులు వేసుకుని చెక్‌పోస్ట్ దాటాడంటే మా భాషలో అది ఎన్‌డీపీఎల్, అంటే మన రాష్ట్రానికి సుంకం కట్టని మందు. ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద కేసు రాస్తారు, వ్యాన్ సీజ్ చేస్తారు. నాన్‌ప్రాఫిట్ అండీ, టాయిలెట్ల కోసమండీ అంటే సీఐ జాలిపడి టీ ఇప్పిస్తాడేమో గానీ వ్యాన్ వదలడు.

ఊరికే పోస్తే లైసెన్స్ అక్కర్లేదనే మాట నా సర్వీసంతా విన్నా. వెయ్యి రూపాయల టికెట్‌లో రెండు గ్లాసులు ఉన్నాయంటే నువ్వు అమ్మినట్టే. టికెట్ అనకుండా విరాళం కూపన్ అని రాసినా దాన్ని చూసేవాడికి కళ్ళుంటాయి కదా.

సరైన దారి ఈవెంట్ పర్మిట్. జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఫీజు కడితే ఆ తేదీకి, ఆ చోటుకి, ఆ గంటలకి మాత్రమే ఇస్తారు. ఎవరు దరఖాస్తు పెడతారో బాధ్యత వాళ్ళదే, కాబట్టి సంఘం పేరుతో పెడితే నువ్వే, హాలు వాళ్ళు పెడితే వాళ్ళే. మందు మాత్రం ఇక్కడ లైసెన్స్ ఉన్నచోట కొని బిల్లులు దగ్గర పెట్టుకోవాలి. 2019 నుంచి గవర్నమెంటు షాపులు, 2024 అక్టోబర్ నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులు, పాలసీ మారినప్పుడల్లా ఫీజులూ కాగితాలూ మారుతుంటాయి, అందుకని ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత ఫారం పట్టుకుని పోవద్దు, నెల్లూరు ఆఫీసుకి నువ్వే పోయి అడుగు.

హైవే పక్కన హాలు అన్నావు. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు హైవే అంచు నుంచి 500 మీటర్ల లోపల మందు అమ్మకానికి లైసెన్స్ ఉండకూడదంది, తర్వాత చిన్న ఊళ్ళకి 220 మీటర్లకి తగ్గించింది, మునిసిపాలిటీ లోపలికి సడలింపు ఇచ్చింది. మీ హాలు కావలి మునిసిపాలిటీలో ఉందా, పంచాయతీలో ఉందా? అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకో.

ఇంటర్ పిల్లకాయల మాట చదివి మాత్రం నవ్వు ఆగిపోయింది. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్ళకి మందు అమ్మకూడదు. అది ఒక ఎత్తు. 18 లోపు పిల్లల చేత మందు మోయించినా, అందించినా జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్, ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. చేపల పులుసు వడ్డించనీ, బీరు స్టాల్ ఛాయలకు కూడా రానివ్వొద్దు.

ఒంగోలు గిత్త:

మేం చేసిన తప్పు చెప్తా, మీరన్నా చేయొద్దు. మా ఇంజనీరింగ్ బ్యాచ్ మూడేళ్ళ క్రితం కొత్తపట్నం బీచ్ వైపు ఒక రిసార్టులో కలిశాం. పర్మిషన్ అంతా మేం చూసుకుంటాం సార్ అన్నారు రిసార్టు వాళ్ళు, మేం కూడా పోనీలే అని అడగలేదు. తొమ్మిదిన్నరకి పోలీసులు వచ్చి కాగితం చూపించమంటే ఆ మేనేజర్ పంచాయతీ ట్రేడ్ లైసెన్స్ తీసుకొచ్చాడు. నిజంగా. అదే పర్మిషన్ అనుకున్నాడో, మాకు చెవిలో పువ్వు పెట్టాడో ఈరోజుకీ తెలీదు. సీసాలు పట్టుకుపోయారు, బుక్ చేసినవాడి పేరు రాసుకున్నారు. వాడు అప్పుడు గవర్నమెంటు ఉద్యోగంలో ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఆరు నెలలు వాడికి నిద్ర లేదు, మాకు వాడితో మాట్లాడే మొహం లేదు.

అప్పట్నుంచి మా రూలు ఒక్కటే, బార్ లైసెన్స్ ఉన్న హోటల్ తప్ప ఇంకెక్కడా పెట్టం. లైసెన్స్ వాళ్ళది, సరుకు వాళ్ళది, బిల్లు వాళ్ళది. కాస్త ఖర్చు ఎక్కువే.

పాత ఖాకీ:

మంచి మాట, దానికి ఒక్క ముక్క కలుపుతా. హోటల్‌కి బార్ ఉందంటే హోటలంతా బార్ అని కాదు. ప్లాన్‌లో చూపించి ఆమోదం తీసుకున్న చోటికే లైసెన్స్ ఉంటుంది. పైన బ్యాంక్వెట్ హాలు ఆ ప్లాన్‌లో లేకపోతే దానికి మళ్ళీ ఈవెంట్ పర్మిట్ కావాలి. బుక్ చేసేటప్పుడే కాగితం చూపించమనండి, మొహమాటపడొద్దు.

శాక్రమెంటో నెల్లూరోడు:

మీ కాలిఫోర్నియా ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. ఇక్కడ ఏబీసీ అని రాష్ట్ర మద్య నియంత్రణ శాఖ ఉంది, నాన్‌ప్రాఫిట్‌లకి ఒక్కరోజు లైసెన్స్ ఇస్తుంది. బీరు, వైన్ తయారుచేసేవాళ్ళు నాన్‌ప్రాఫిట్‌లకి సరుకు విరాళంగా ఇవ్వొచ్చని చట్టంలోనే మినహాయింపు ఉంది. మినహాయింపు అని ఎందుకు రాశారంటే మామూలుగా అయితే తయారీదారు అమ్మేవాడికి ఏదీ ఊరికే ఇవ్వకూడదు. 1933లో దేశంలో మద్యనిషేధం ఎత్తేశాక పెద్ద బ్రూవరీలు బార్లను గుప్పిట్లో పెట్టుకోకుండా ఈ గోడ కట్టారు, ధర్మకార్యాలకి దాంట్లో చిన్న తలుపు వదిలారు. ఆ తలుపు కూడా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది, నేను పక్క రాష్ట్రంలో మన తెలుగువాళ్ళ పిక్నిక్‌కి ఇదే పద్ధతి అనుకుని బోల్తాపడ్డా. అమెరికాలోనే ఒక రాష్ట్రం పద్ధతి ఇంకో రాష్ట్రంలో పనిచేయదు, దాన్ని తీసుకొచ్చి కావలిలో దింపితే ఎట్టబ్బా?

పద్దుల రాముడు:

నెల్లూరులో ఆడిటింగ్ ప్రాక్టీస్ నాది. లైసెన్స్ సంగతి పెద్దాయన చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తా. ఇక్కడే సంఘాలు ఎక్కువగా పప్పులో కాలేస్తాయి.

ఆ రెండు లక్షలు విరాళమా, స్పాన్సర్‌షిప్పా? ఏమీ ఆశించకుండా ఇస్తే విరాళం, 80జీ రసీదు రాసివ్వొచ్చు, చెక్కో ట్రాన్స్‌ఫరో అయి ఉండాలి, నగదైతే రెండు వేలు దాటితే ఇచ్చినవాడికి మినహాయింపు రాదు. బ్యానర్ కట్టండి, స్టాల్ పెట్టండి అని షరతు పెట్టి ఇస్తే అది స్పాన్సర్‌షిప్, అంటే ప్రచారానికి ఇచ్చిన సొమ్ము. దానికి 80జీ రసీదు రాస్తే రేపు ఇబ్బంది పడేది ఆ సెక్రటరీనే. స్పాన్సర్‌షిప్ తీసుకోవడం నేరమేం కాదు, కానీ దాన్ని విరాళాల పద్దులో కలపకుండా వేరేగా చూపించాలి. స్పాన్సర్‌షిప్ మీద జీఎస్టీ 18 శాతం ఉంది. ఇచ్చేది కంపెనీ అయితే, తీసుకునేది మీలాంటి సొసైటీ అయితే ఆ పన్ను రివర్స్ ఛార్జ్ కింద కంపెనీయే కట్టుకోవాలి. ఈ ముక్క వాడికి ఇప్పుడే చెప్పు, తర్వాత చెబితే రెండు లక్షల్లోంచి కోసుకుని ఇస్తాడు.

కెగ్గుల్ని కూడా విరాళం కింద చూపించి రసీదు ఇమ్మంటాడేమో, వస్తువులకి 80జీ లేదు. బీరు పీపాలకి అసలే లేదు :)

ఇంకోటి, సీఎస్ఆర్ (కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) కింద ఇస్తానంటే నమ్మొద్దు. కిందటేడు లాభం ఐదు కోట్లో, టర్నోవర్ వెయ్యి కోట్లో, నెట్‌వర్త్ ఐదు వందల కోట్లో ఉన్న కంపెనీలకే సీఎస్ఆర్ వర్తిస్తుంది. పైగా సొంత సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదని 2021 జనవరిలో సవరించిన రూల్స్‌లో స్పష్టంగా ఉంది.

కావలి కుర్రోడు:

అయ్యబాబోయ్. ఒక్కో రిప్లై చదువుతుంటే చెమటలు పడతన్నాయి. తేదీ ముక్కనుమ మర్నాటికి మార్చేశాం, అమెరికావాళ్ళు కూడా సంక్రాంతికి ఎట్లాగూ ఉంటారు. కెగ్గులు వద్దని వాడికి చెప్పా, మొహం మాడ్చుకున్నాడు గానీ వ్యాన్ సీజ్ మాట వినగానే దిగొచ్చాడు. ఇప్పుడు కొత్తగా ఏమంటున్నాడంటే, బీరు పేరు వద్దులే, అదే పేరుతో సోడా తీస్తున్నట్టు బ్యానర్ వేద్దాం, లోగో మాత్రం అదే ఉంటుంది, పెద్ద కంపెనీలే చేస్తున్నాయి కదా అని. పొద్దున స్కూల్లో సన్మానం దగ్గర ఒకటి, సాయంత్రం ఒకటి. ఇది ఓకేనా?

పద్దుల రాముడు:

దీన్నే సరోగేట్ యాడ్ అంటారు. ప్రకటన చేయకూడని సరుకుని వేరే సరుకు ముసుగులో చూపించడం కుదరదని వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జూన్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద కంపెనీలకి లాయర్లు ఉంటారు, నీకెవరున్నారు?

కలిగిరి అమ్మాయి:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, స్కూల్లో బ్యానర్ అనేసరికి రాయక తప్పలేదు. తాగేవాళ్ళని తిట్టడానికి రాలేదు, మా ఆయనా తాగుతాడు, పండగకి మా అన్నలొస్తే చేపల వేపుడు నేనే చేసి పెడతా.

మాది కలిగిరి మండలం. దూబగుంట మాకు పక్కనే. 1992లో సారా దుకాణం మూయించింది అక్కడి ఆడవాళ్ళే, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ ఇళ్ళల్లో జరిగేవి ఒకరికొకరు చెప్పుకుని లేచినవాళ్ళు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. మా అమ్మ ఆ గుంపుల్లో పోయింది, నేను చంకలో ఉన్నానంట. తర్వాత నిషేధం వచ్చింది, పోయింది, మందు మళ్ళీ వచ్చింది, అదంతా నాకూ తెలుసు. కానీ మీ స్కూలు ఫంక్షన్‌లో ముందు వరసలో కూర్చునేది ఎవరు? ఆ వయసు ఆడవాళ్ళే, వాళ్ళ మనవరాళ్ళకే కదా మీరు టాయిలెట్లు కట్టించేది. వాళ్ళ ఎదురుగా బీరు లోగో కింద నిలబడి మాస్టర్లకు శాలువాలు కప్పుతారా? రూల్ ఒప్పుకుంటుందా లేదా అన్నది తర్వాత, మీ హెడ్మాస్టర్ ఒప్పుకుంటారేమో ముందు అడిగి చూడండి.

ఒంగోలు గిత్త:

అక్క చెప్పింది రైట్. పొద్దున పని వేరు, సాయంత్రం పని వేరు. రెండింటికీ ఒకే ఫ్లెక్సీ ఎందుకు?

కావలి కుర్రోడు:

పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చా, ఏం జరిగిందో చెప్పి పోదామని. హెడ్మాస్టర్‌ని అడిగా. ఆయన ఏమీ అనలేదు, నా వంక చూసి నువ్వు మూడో బెంచీ కదరా అన్నాడు, అంతే. బ్యానర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

స్కూల్లో పొద్దున కార్యక్రమం సంఘం పేరుతోనే, భోజనాలు అక్కడే, పిల్లకాయలే వడ్డిస్తారు. సాయంత్రం నెల్లూరులో బార్ ఉన్న హోటల్లో బ్యాచ్ వరకే డిన్నర్, సంఘానికి సంబంధం లేదు, టికెట్ లేదు, ఎవరి బిల్లు వాళ్ళదే. బ్యాంక్వెట్ హాలు లైసెన్స్ ప్లాన్‌లో లేదని అడిగితేనే బయటపడింది (పెద్దాయనకి దండం), దానికి ఈవెంట్ పర్మిట్ హోటల్ వాళ్ళే పెట్టుకుంటామన్నారు, కాపీ నా చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇస్తానని చెప్పా. పది దాటాక మైకులు ఆపేయాలి కాబట్టి పాటలు తొందరగా మొదలుపెడతాం. తిరిగి కావలి రావడానికి ఒక మినీ బస్సు మాట్లాడాం, హైవే మీద బ్రీత్ అనలైజర్‌లో దొరికితే పదివేలు అని ఎవడో గుర్తుచేస్తే.

బెంగళూరువాడు లోగో లేకపోతే లక్షే ఇస్తానన్నాడు. సరే ఇవ్వమన్నా, చెక్కు వచ్చింది, రసీదు రాశా. లక్ష తగ్గింది కాబట్టి టాయిలెట్లు నాలుగు బదులు మూడు కడుతున్నాం, నాలుగోదానికి పునాది వరకు వేసి పెడతాడంట మేస్త్రీ.

పాత ఖాకీ:

పర్మిట్ కాపీ మీద తేదీ, హాలు పేరు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకో. ఆ మూడో బెంచీ కథ తర్వాత ఎప్పుడన్నా చెప్పు.