మెజిస్ట్రేటు ఆర్డరు నుంచి జిల్లా ఓపీ దాకా: మనిషి మధ్యలో ఎక్కడ జారిపోతున్నాడు?

ప్రశ్న: జిల్లా సోషల్ వర్కర్

రోడ్ల మీద తిరుగుతున్న మనిషిని పోలీసులు తీసుకొస్తారు. మెజిస్ట్రేటు గారు ఆర్డరు రాస్తారు. ఎర్రగడ్డకో విశాఖకో పంపిస్తారు. కొన్ని వారాలకి మనిషి కుదుటపడి డిశ్చార్జి అవుతాడు. అక్కడి నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీకి రావాలి, రాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే మనిషి, అదే స్టేషన్, ఇంకో ఆర్డరు.

ఆసుపత్రిని అడిగితే డిశ్చార్జి సమ్మరీ ఇచ్చి పంపామంటారు. కోర్టులో అడిగితే రిపోర్టు రాలేదు, పెండింగ్ అంటారు. ఓపీ వాళ్లకి అతను డిశ్చార్జి అయిన సంగతే తెలియదు. ఎవరి పని వాళ్లు చేసినట్టే ఉంటుంది, మనిషి మాత్రం మందుల్లేకుండా బస్టాండులో ఉంటాడు.

జిల్లాలో అందరూ పాటించే పద్ధతి ఒకటి కాగితం మీద పెట్టాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 102 కింద మెజిస్ట్రేటు అంచనా కోసం ఇచ్చే పది రోజుల్లో ఏ రోజు ఏం జరగాలి? ఆర్డరులో ఏ మాటలు ఉండాలి? మనిషి మీద కేసు ఉంటే దారి వేరా? డిశ్చార్జి వివరాలు ఓపీకి పంపమంటే గోప్యత అంటున్నారు, అది నిజంగా అడ్డమేనా?

జవాబు: లీగల్ ఎయిడ్ వకీలు

అందరికీ ఒకే ఫారం వాడటంతోనే సగం చిక్కులు మొదలవుతాయండి. మనిషి ఏ దారిన వచ్చాడో ముందు తేల్చుకోవాలి.

నేరమేమీ లేకుండా దొరికిన మనిషికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 100. రక్షణలోకి తీసుకున్న పోలీసులు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు, జైలుకి పంపకూడదు. ఈ దారిలో మెజిస్ట్రేటు ఆర్డరు కోసం ఆగనక్కర్లేదు. చాలాచోట్ల ముందు కోర్టుకు తీసుకెళ్లి ఒక రోజు పోగొడతారు. ఇల్లూవాకిలీ లేని మనిషైతే మిస్సింగ్ పర్సన్ ఎఫ్‌ఐఆర్ కట్టి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుది (ఎస్‌హెచ్‌ఓ). ఆ ఎఫ్‌ఐఆర్ నంబరు ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడే అడిగి రాసుకోండి. అప్పుడు అడగకపోతే తర్వాత ఊళ్లు వెతికే పని మీ నెత్తిన పడుతుంది.

మనిషి మెజిస్ట్రేటు ముందుకే వచ్చాడంటే సెక్షన్ 102. అంచనా, వైద్యం కోసం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపవచ్చు, లేదా పది రోజులకు మించకుండా అడ్మిషన్‌కు అధికారం ఇవ్వవచ్చు. "నయమగు వరకు ఉంచవలెను" అని రాసే వీలు ఇందులో లేదు. పాత 1987 చట్టంలోని రిసెప్షన్ ఆర్డరు ఆ చట్టంతోనే పోయింది. ఆర్డరులో ఉండాల్సింది ఇంతే: "అంచనా నిమిత్తం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చేర్చుకొనుటకు అధికారమివ్వడమైనది. రిపోర్టు ఫలానా తేదీలోగా ఈ కోర్టుకు, ఆ సంగతి తెలుపుతూ లేఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపవలెను." తేదీలన్నీ అంకెల్లో వేయించండి. "పది రోజులు" అని వదిలేస్తే ఆర్డరు ఇచ్చిన రోజు నుంచా, చేరిన రోజు నుంచా అన్న తగువు వస్తుంది. ఉచిత న్యాయసహాయం ఉందని ఆ మనిషికి చెప్పడం సెక్షన్ 27 ప్రకారం మెజిస్ట్రేటుకూ పోలీసులకూ విధి.

నిందితుడైతే దారి వేరు. 2024 జూలై 1 నుంచి, క్రిమినల్ కేసు నడిపే పద్ధతి చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్లు 367 నుంచి 378 వరకు, దాని ముందటి సీఆర్‌పీసీలో 328 నుంచి 339. కోర్టుకు ఇక్కడ కావాల్సింది జబ్బు పేరు కాదు. తన మీద ఉన్న కేసేమిటో అతనికి అర్థమవుతోందా, వకీలుకు తన మాట చెప్పుకోగలడా అన్నది. నేరం జరిగిన రోజు మనఃస్థితి ఎలా ఉందన్నది, నేరాలూ శిక్షలూ చెప్పే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 22 కింద పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండింటినీ ఒకే పేరాలో కలిపి రాసిన రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు.

బీఎన్‌ఎస్‌ఎస్ 369 కింద బెయిలు వచ్చినప్పుడు, దగ్గర్లోని వైద్య కేంద్రంలో ఓపీ వైద్యం చేయిస్తానని బంధువో స్నేహితుడో పూచీ ఇస్తారు. ఆ పత్రంలో ఏ ఆసుపత్రి, ఓపీ వారంలో ఏ రోజు, మొదటి తేదీ ఎప్పుడు అన్న మూడూ రాయించండి. మీ ఓపీకి మనిషి చేరేదీ లేనిదీ ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది.

జవాబు: ప్రభుత్వ వైద్యశాల సైకియాట్రిస్టు

ఆ పది రోజుల్ని వార్డు వైపు నుంచి చెబుతాను. తొమ్మిదో రోజు సాయంత్రం రిపోర్టు మొదలుపెడితే, పదకొండో రోజు మనిషి ఏ అధికారం మీద మంచం మీద ఉన్నాడో ఎవరూ చెప్పలేరు.

చేరిన రోజే గడువు తేదీ కేస్‌షీటు అట్ట మీద పెద్దగా రాయాలి. తలకు దెబ్బ, జ్వరం, షుగర్ పడిపోవడం, మద్యం మానేయడం వల్ల వచ్చే గందరగోళం ముందు చూడాలి. వీటిలో ఏదున్నా మనిషి వెళ్లాల్సింది జనరల్ ఆసుపత్రికి. ఏ భాష మాట్లాడుతున్నాడో రాయాలి. ఒడియానో బెంగాలీనో తప్ప తెలియని మనిషి కేస్‌షీటులో "మాట్లాడడు" అయిపోతాడు. ఆ ఒక్క మాట వల్ల రోగనిర్ధారణ తప్పుతుంది, ఊరి జాడా పోతుంది.

మూడో రోజుకల్లా తేలాల్సింది: పది రోజుల తర్వాత ఏ సెక్షన్ కింద ఉంటాడు? తనంతట తాను ఉంటానని అర్థం చేసుకుని చెప్పగలిగితే సెక్షన్ 86. చెప్పలేని స్థితి అయితే సెక్షన్ 89, దానికి నామినేటెడ్ ప్రతినిధి (వైద్యం విషయంలో రోగి తరఫున నిలబడే వ్యక్తి) దరఖాస్తు కావాలి. ఎవరూ లేని మనిషికి ప్రతినిధిని, ఈ చట్టం కింద రోగుల హక్కులు చూసే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డే నియమించాలి. తగిన వాళ్లు దొరక్కపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్‌ను లేదా ఆయన తరఫు వ్యక్తిని వేస్తుంది. బోర్డు నుంచి జవాబు రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆ లేఖ మూడో రోజే వెళ్లాలి. ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

89 కోసం ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు. ఆ పరీక్ష అడ్మిషన్ రోజునో దానికి ముందు 7 రోజుల్లోనో జరిగి ఉండాలి. అంటే మొదటి రోజు రాసిన నోట్సు పదో రోజుకి పనికిరావు, అయిదో రోజు తర్వాత మళ్లీ చూసి రాయాలి. అడ్మిషన్ సంగతి బోర్డుకు మహిళైతే 3 రోజుల్లో, మగవాళ్లయితే 7 రోజుల్లో తెలపాలి. 89 గడువు 30 రోజులు. ఆ పైన సెక్షన్ 90.

గోప్యత అడ్డం కాదు. వైద్యం కోసం ఇంకో వైద్య నిపుణుడికి వివరాలు ఇవ్వడాన్ని సెక్షన్ 23 అనుమతిస్తుంది. సెక్షన్ 98 ఇంకా ముందుకెళ్లి, డిశ్చార్జికి ముందు రోగితో, ప్రతినిధితో, ఇంట్లో చూసుకునేవాళ్లతో, ఇకపై చూడబోయే సైకియాట్రిస్టుతో మాట్లాడి తీరాలంటుంది. జాగ్రత్త పడాల్సింది కోర్టు రిపోర్టులో. అడిగిన ప్రశ్నకు ఒక పేజీ జవాబు చాలు. ఇంటి గొడవలు, పాత సంబంధాలు, రక్తపరీక్షలు కోర్టు ఫైల్లోకి ఎందుకు? సమ్మరీ వేరు, రిపోర్టు వేరు. ఒకే కాగితం రెండుచోట్లకీ పంపకండి.

జవాబు: జైలు వైద్య విభాగం

రిమాండ్ ఖైదీల గురించి రెండు విషయాలు.

మద్యం అలవాటున్న మనిషికి ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది. తీవ్రమైన గందరగోళం, లేనివి కనిపించడం 48 నుంచి 72 గంటల మధ్య. అరెస్టు, కోర్టు, జైలు అన్న వరుసలో అది సరిగ్గా జైల్లోకి వచ్చిన రెండో మూడో రోజున పడుతుంది. దాన్ని పిచ్చి అనుకుని మానసిక వైద్యశాలకు రిఫర్ చేస్తే దారిలోనే ప్రాణం మీదికి రావచ్చు. రిమాండ్‌కు ముందు చేసే వైద్య పరీక్ష కాగితంలో ఆఖరిసారి ఎప్పుడు తాగాడో గంటతో సహా రాయించండి. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్.

రెండోది క్లోజపిన్, మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రేనియాకు ఇచ్చే మందు. పోలీసు ఎస్కార్ట్ ఆలస్యమై, మందుల కవరు స్టేషన్లో ఉండిపోయి, 48 గంటలకు మించి డోసులు తప్పితే పాత డోసు మళ్లీ ఇవ్వకూడదు. బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. అందుకని బదిలీ కాగితం మీద ఆఖరి డోసు వేసిన తేదీ, టైము ఉండాలి. మొదటి 18 వారాలు వారం వారం తెల్లరక్తకణాల పరీక్ష కూడా చేయించాలి. అది చేయించలేని చోటికి పంపేటట్టయితే పంపకముందే ఆలోచించండి.

జైలు నుంచి బయటి మానసిక వైద్యశాలకు మార్చాలంటే, జైల్లో సైకియాట్రిక్ వార్డు లేనప్పుడు సెక్షన్ 103 ప్రకారం బోర్డు ముందస్తు అనుమతి కావాలి. వాయిదా తేదీ వైద్యశాలకు తెలియకపోతే వాళ్లు డిశ్చార్జి చేసిన రోజు ఎస్కార్ట్ ఉండదు. ఆ తేదీ కూడా కేస్‌షీటు అట్ట మీదే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడ్డాయండి. మూడో రోజు లేఖ సంగతి మా ముసాయిదాలో లేనే లేదు. ఓపీ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా: డిశ్చార్జి కాగితంలో ఏం ఉంటే మీ పని జరుగుతుంది?

జవాబు: కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సు

"రెగ్యులర్ ఫాలోఅప్ అడ్వైజ్డ్" అని రాసి పంపితే మాకు ఏమీ రాయనట్టే.

కావాల్సింది ఒక పేజీ. పైన మనిషి పేరు, మాట్లాడే భాష, ఎవరితో ఉంటాడు, వాళ్ల ఫోన్ నంబర్లు రెండు. ఒక్క నంబరే ఇస్తే అది స్విచాఫ్ అయిన రోజున దారి మూసుకుపోతుంది. కింద మందులు, ఆఖరి డోసు. వారాల తరబడి పనిచేసే ఇంజెక్షన్ ఉంటే ఇలా: "ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ 25 మిల్లీగ్రాములు, కుడి పిరుదు, ఇచ్చింది 4న, తర్వాతిది అదే నెల 25న." అసలు ఇంజెక్షన్ ఇచ్చారో లేదో తెలియక రెండోసారి వేయడం, ఇచ్చారనుకుని వదిలేయడం, రెండూ జరుగుతాయి. లిథియం (మూడ్ అదుపులో ఉంచే మందు) మీద ఉంటే రక్తంలో దాని ఆఖరి లెవెల్, ఏ తేదీన చూశారో. రక్తం డోసు వేసిన 12 గంటలకి తీయాలని కూడా రాయండి, లేకపోతే పొద్దున మాత్ర వేసుకుని వచ్చి ఇస్తారు, లెవెల్ ఎక్కువ చూపిస్తుంది.

డిశ్చార్జికి ముందు మా ఫార్మసిస్టుకి ఒక ఫోన్ చేసి ఆ మందు స్టాకులో ఉందో లేదో అడగండి. లేకపోతే వార్డులో ఉండగానే మార్చండి. ఇంటికెళ్లాక మారిస్తే గమనించే మనిషి ఉండడు. ఓపీ మొదటి తేదీ వారంలోపు పడాలి, చేతికి ఇచ్చే మందులు 14 రోజులకు ఉండాలి. ఆ మిగతా వారమే మాకు వెతుక్కోవడానికి దొరికే సమయం.

తేదీకి రాలేదనుకోండి. అదే సాయంత్రం ఫోన్, మర్నాడు ఆ ఊరి ఆశాతో కబురు, మూడో రోజు ఇంటికి వెళ్లడం. బెయిలు పూచీ ఉన్న కేసైతే ముందు పూచీ ఇచ్చినవాళ్లతో మాట్లాడండి, ఆ తర్వాత వకీలుకు చెప్పండి. ఒక్క ఓపీ తప్పగానే స్టేషన్‌కి ఫోన్ చేసే పద్ధతి పెట్టుకోకండి. పోలీసు ఒకసారి ఇంటికొచ్చాడంటే ఆ ఇంటివాళ్లు మా ఫోన్ కూడా ఎత్తరు. రాత్రిపూట ఏదైనా అయితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పనిచేస్తుంది, ఆ నంబరు కాగితం అడుగున పెద్ద అక్షరాల్లో వేయండి.