అప్‌డేట్: పన్నెండో రోజు నెగెటివ్ నమ్మొచ్చా అని అడిగాను కదా, 91వ రోజు రిపోర్టు వచ్చింది

కండోమ్ చిరిగిందని, పన్నెండో రోజున విజయనగరంలో ఓ ప్రైవేటు ల్యాబ్‌లో హెచ్ఐవీ టెస్టు నెగెటివ్ వచ్చిందని రాశాను, గుర్తుండే ఉంటుంది. ల్యాబ్ అతను "ఏం లేదు, హాయిగా ఉండండి" అనేశాడు. అది తప్పు. అంత తొందరగా చేస్తే ఒంట్లో వైరస్ ఉన్నా టెస్టుకి దొరక్కపోవచ్చు.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీకి (హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టులు చేసే కేంద్రం) వెళ్లాను, టెస్టు ఉచితం, కౌన్సెలర్ మేడమ్ తలుపు వేసి అరగంట కూర్చుని ఓపిగ్గా చెప్పారు. యాంటీబాడీలు (వైరస్‌కి ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునేవి) మాత్రమే చూసే టెస్టులో బయటపడటానికి 23 నుంచి 90 రోజులు పట్టొచ్చట, అదే నరం నుంచి రక్తం తీసి పీ24 యాంటిజెన్ (వైరస్‌లోని ఓ ప్రోటీన్) కూడా చూసే ఫోర్త్ జనరేషన్ టెస్టయితే 18 నుంచి 45 రోజులు. వేలికి సూది గుచ్చి చేసేదానికి మాత్రం 90 రోజుల వరకు ఆగాల్సిందే.

ఆ టెన్షన్‌లో ఈసారి సిరిమాను చూడ్డానికి కూడా ఇంట్లోంచి కదల్లేదు. 46వ రోజు ఫోర్త్ జనరేషన్ నెగెటివ్ అని చూశాక ప్రాణం లేచొచ్చింది. మొన్న 91వ రోజున ఐసీటీసీలోనూ నెగెటివే. మధ్యలో మళ్లీ ఏ రిస్కూ లేదు కాబట్టి ఇక అవసరం లేదన్నారు.

నా బాధ ఒక్కటే. 72 గంటల్లోపు వెళ్లుంటే హెచ్ఐవీ సోకకుండా ఆపే పెప్ మందులు 28 రోజులకి ఇచ్చేవారట, ఆ సంగతే నాకు తెలీదు. పెప్ వాడినవాళ్లకి ఈ రోజుల లెక్క మారుతుంది, డాక్టర్‌నే అడగండి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.