పాత ఫిల్మ్ కెమెరా: ఉన్నదున్నట్టు అమ్మాలా, బాగు చేయించి అమ్మాలా?

నమస్కారం అండీ. పాత వస్తువులు కొని ఈబే, ఎట్సీలలో అమ్ముతుంటాను. ఈసారి ఒక 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా దొరికింది. చాలా నచ్చింది, సరిగ్గా వాడుకునేవాళ్ల చేతికే వెళ్లాలని ఉంది.

షట్టర్ పనిచేస్తోంది గానీ, నెమ్మది స్పీడుల్లో ఒక్కోసారి తెరుచుకుని ఉండిపోతోంది. వెనక మూత చుట్టూ వెలుతురు రాకుండా పెట్టే ఫోమ్ జిగురుగా మారింది. అది నేనే మార్చగలను. అసలు టెన్షన్ లెన్సుతోనే. టార్చి వేసి చూస్తే ఒక అంచున సన్నటి దారాల్లా ఫంగస్ కనిపిస్తోంది. అది గాజు మీది పూతను తినేసి ఉంటే, శుభ్రం చేసినా మచ్చ పోదు కదా.

సర్వీసింగ్‌కి పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి వస్తుందా? లేక లోపాలన్నీ రాసి, విడిభాగాల కోసం అని పెట్టేయడం మేలా? చాలామంది ‘పరీక్షించలేదు’ అని రాసి వదిలేస్తారు, అది కొనేవాళ్లకి అన్యాయం అనిపిస్తుంది నాకు.

ధర కోసం అమ్ముడైనవాటినే చూస్తున్నాను, కానీ ఒకే మోడల్‌కి విపరీతమైన తేడా ఉంది. లెన్సు విడిగా, బాడీ విడిగా అమ్మినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫంగస్ ఫోటోలో స్పష్టంగా పడాలంటే వెలుతురు ఎటునుంచి వేయాలో కూడా చెప్పండి, ప్లీజ్.